రిపోర్టులో 'హై రిస్క్' అని ఉంటే: లుకేమియా జన్యు పరీక్షలు, మూలకణ మార్పిడి – లబ్ధిదారులకు వివరణ

మీకు గానీ మీ ఇంట్లో వాళ్లకు గానీ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని తేలి, డాక్టరు గారు మూలకణ మార్పిడి మాట ఎత్తి ఉంటే ఈ పీడీఎఫ్ మీ కోసమే. దీన్నే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అని, బీఎంటీ అని, మూలుగ మార్పిడి అని అంటారు. పేరు ఏదైనా చికిత్స ఒకటే.

చాలా కుటుంబాలు ఒకే చోట ఆగిపోతున్నాయి. జన్యు పరీక్ష రిపోర్టు వస్తుంది. అందులో 'హై రిస్క్' అనో 'అడ్వర్స్' అనో రాసి ఉంటుంది. ఆ మాట వినగానే కొందరు "ఇక లాభం లేదు" అనుకుని పేషెంటును ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఇంకొందరు కంగారులో ఉన్న రెండెకరాలూ అమ్మకానికి పెడతారు. రెండూ తొందరపాటే. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, దాన్ని బట్టి డాక్టర్లు ఏం నిర్ణయిస్తారు, మీరు ఏం అడగాలి అనేది కింద చదవండి. పేషెంటు తరఫున ఆసుపత్రికి తిరిగేవాళ్లు తప్పకుండా చదవాలి.

లుకేమియా అంటే, మార్పిడి అంటే

ఎముకల లోపల ఉండే మూలుగలో రక్తం తయారవుతుంది. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడి మూలకణాల నుంచే పుడతాయి. లుకేమియాలో ఒక కణం దారి తప్పి, ఎదగని తెల్ల కణాలను లెక్క లేకుండా పుట్టిస్తుంది. అవి మూలుగంతా నిండిపోతే మంచి రక్తానికి చోటుండదు. అందుకే పేషెంటుకు నీరసం, జ్వరాలు, చిగుళ్ల నుంచి రక్తం కారడం కనిపిస్తాయి.

ముందు కీమో ఇస్తారు. దాంతో మూలుగలో క్యాన్సర్ కణాలు నూటికి 5 కన్నా తగ్గి, రక్తం మళ్లీ మామూలుగా తయారైతే దాన్ని రెమిషన్ అంటారు. జబ్బు అణిగింది అని అర్థం, పూర్తిగా పోయింది అని కాదు. కంటికి కనిపించని కణాలు కొన్ని మిగిలి ఉండొచ్చు. అవి మళ్లీ పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టు.

తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు మార్పిడి చేస్తారు. ఇది ఆపరేషన్ కాదు, కోతలుండవు. గట్టి మందులతో, కొందరికి రేడియేషన్‌తో కూడా, పాత మూలుగను ఖాళీ చేస్తారు. తర్వాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్టే సెలైన్ గొట్టం ద్వారా ఎక్కిస్తారు. కొత్త కణాలు వాటంతట అవే ఎముకల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో రక్తం తయారు చేయడం మొదలుపెడతాయి. దాత నుంచి వచ్చిన తెల్ల కణాలు ఇంకో పని కూడా చేస్తాయి. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను పరాయివిగా గుర్తుపట్టి చంపుతాయి. మార్పిడికి అసలు బలం ఇదే. ఇబ్బంది ఏమిటంటే, అవే కణాలు పేషెంటు చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద కూడా దాడి చేయొచ్చు. దాన్ని జీవీహెచ్‌డీ అంటారు.

కాబట్టి మార్పిడికి దాని ప్రమాదాలు దానికి ఉన్నాయి. అవసరం లేనివాళ్లకు చేస్తే లాభం కన్నా నష్టం ఎక్కువ. ఎవరికి అవసరమో, ఎవరికి కాదో తేల్చడంలోనే జన్యు రిపోర్టు పనికొస్తుంది.

ఆ జన్యు లోపం పుట్టుకతో వచ్చిందా?

అందరూ ముందు భయపడేది దీనికే. "మా వంశంలో ఉందా? పిల్లలకు వస్తుందా? ఆడపిల్ల సంబంధం చెడిపోతుందా?" అని అడుగుతారు. రిపోర్టులో రాసిన జన్యు మార్పులు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కణాల్లో మాత్రమే ఉంటాయి. పేషెంటు బతుకులో మధ్యలో ఎప్పుడో, ఒక మూలుగ కణంలో వచ్చిన మార్పులు అవి. తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, పిల్లలకు పోయేవి కావు. ఎవరో చేసిన తప్పు వల్ల వచ్చినవి అంతకన్నా కావు.

కొద్దిమందిలో మాత్రం పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రక్త జబ్బులు, చిన్నప్పటి నుంచి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండడం లాంటివి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దాచొద్దు. ఎందుకంటే అలాంటి ఇంట్లో అన్నదమ్ముడో అక్కచెల్లెలో దాతగా వస్తే, వాళ్లలోనూ అదే లోపం ఉండొచ్చు. ముందే పరీక్ష చేయకపోతే ఒక లోపం తీసి అదే లోపం మళ్లీ పెట్టినట్టవుతుంది.

మొదటి శాంపిల్ పోగొట్టుకోవద్దు

ఈ మొత్తం కాగితంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. జన్యు పరీక్షకు మూలుగ శాంపిల్ కీమో మొదలుపెట్టక ముందే తీయాలి. కీమో మొదలయ్యాక క్యాన్సర్ కణాలు తగ్గిపోతాయి, మొదట్లో ఏ మార్పు ఉండిందో తర్వాత కనుక్కోవడం చాలాసార్లు కుదరదు. మొదటి ఆసుపత్రిలో ఆ పరీక్ష చేయకుండా కీమో ఇచ్చేసి, తర్వాత పెద్దాసుపత్రికి పంపితే అక్కడి డాక్టరు చీకట్లో నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది.

పరీక్షలు ప్రధానంగా మూడు రకాలు. క్రోమోజోములను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేది కేరియోటైప్. అనుమానం ఉన్న ఫలానా ముక్క ఉందా లేదా అని రంగు దీపంతో వెతికినట్టు వెతికేది ఫిష్. జన్యువులోని అక్షరాల తప్పులు పట్టేవి పీసీఆర్, ఎన్‌జీఎస్. అన్నీ ఒక్కరోజులో రావు. కొన్ని రెండు మూడు వారాలు పడతాయి. పేషెంటు పరిస్థితి బాగోలేకపోతే రిపోర్టు కోసం ఆగకుండా కీమో మొదలుపెట్టొచ్చు, అది తప్పు కాదు. శాంపిల్ మాత్రం ముందే తీసి ఉండాలి.

రిపోర్టు కాగితాలన్నీ ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. అసలు కాగితాలు ప్లాస్టిక్ ఫైలులో పెట్టండి. ఇంకో ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే కాదు, మొదటి మూలుగ రిపోర్టు కూడా ఉండాలి.

కొన్ని జన్యు మార్పులు ఉంటే మార్పిడి అవసరమే పడకపోవచ్చు

జన్యు రిపోర్టు అంటే చెడు వార్తే అనుకోకండి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్‌లో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదానితో ఒకటి చోటు మార్చుకుంటాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా ఊళ్లో 1960లో దీన్ని కనిపెట్టారు కాబట్టి ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు. ఒకప్పుడు ఈ జబ్బుకు మార్పిడే దిక్కు. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక కథ మారిపోయింది. ఇప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ మంది రోజూ మాత్ర వేసుకుని పొలం పని, ఉద్యోగం చేసుకుంటున్నారు. మాత్ర మానేస్తేనే ప్రమాదం.

ఏపీఎల్ అనే ఇంకో రకం ఉంది. అందులో 15, 17 క్రోమోజోముల ముక్కలు మారతాయి. మొదటి రోజుల్లో రక్తస్రావం వల్ల ప్రాణం మీదికి వస్తుంది, అందుకే అనుమానం వచ్చిన రోజే మందు మొదలుపెడతారు. ఆ గండం దాటితే ఏట్రా అనే మాత్రలతో, ఆర్సెనిక్ మందుతో చాలామందికి మార్పిడి లేకుండానే నయమవుతుంది. అవును, ఆర్సెనిక్ అంటే పాషాణమే. సరైన మోతాదులో అదే మందు.

ఏఎంఎల్‌లో మూడు గుంపులు

పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చే తీవ్రమైన రకం ఏఎంఎల్. ప్రపంచమంతా డాక్టర్లు వాడే యూరప్ మార్గదర్శకాలు 2022లో కొత్తగా వచ్చాయి. అవి జన్యు మార్పులను బట్టి పేషెంట్లను మూడు గుంపులు చేస్తాయి.

మొదటిది అనుకూల గుంపు. 8, 21 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం, 16వ క్రోమోజోము ముక్క తిరగబడడం, ఎఫ్‌ఎల్‌టీ3 మార్పు లేకుండా ఎన్‌పీఎం1 మార్పు ఒక్కటే ఉండడం ఇందులోకి వస్తాయి. వీళ్లకు కీమో బాగా పనిచేస్తుంది. మొదటి రెమిషన్‌లోనే మార్పిడి అక్కర్లేదని సాధారణంగా చెబుతారు. "డబ్బు కోసం చేయడం లేదేమో, పేదవాళ్లమని వద్దంటున్నారేమో" అని అనుమానపడకండి.

మధ్య గుంపులో ఎఫ్‌ఎల్‌టీ3–ఐటీడీ అనే మార్పు ఉన్నవాళ్లు, ఇటూ అటూ కాని మార్పులు ఉన్నవాళ్లు ఉంటారు. 2017 నాటి పాత పద్ధతిలో ఎఫ్‌ఎల్‌టీ3 ఉన్నవాళ్లలో కొందరిని అనుకూల గుంపులో, కొందరిని ప్రతికూల గుంపులో పెట్టేవారు. ఇప్పుడు అందరినీ మధ్యలో పెట్టారు. అదే రిపోర్టు, అదే మనిషి, గుంపు పేరు మాత్రం మారింది. శాస్త్రం ముందుకు పోయే కొద్దీ ఈ పేర్లు మారుతుంటాయి కాబట్టి పేరును శిలాశాసనంలా చూడొద్దు.

మూడోది ప్రతికూల గుంపు. 5వ లేదా 7వ క్రోమోజోము ఒకటి పూర్తిగా లేకపోవడం, ఒకేసారి మూడు అంతకన్నా ఎక్కువ క్రోమోజోము మార్పులు ఉండడం, ఆర్‌యూఎన్‌ఎక్స్1, ఏఎస్‌ఎక్స్‌ఎల్1, టీపీ53 జన్యువుల్లో మార్పులు ఇందులో ఉంటాయి. వీళ్లకు కీమోతో జబ్బు అణిగినా మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అందుకే వీళ్లకు మొదటి రెమిషన్‌లోనే, ఒంట్లో సత్తువ ఉండగానే మార్పిడి చేయాలని చూస్తారు. ఆ యూరప్ మార్గదర్శకాల ప్రకారం, మార్పిడి లేకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం నూటికి 35–40 దాటుతుంది అనుకున్నప్పుడు మార్పిడి వైపు మొగ్గుతారు.

ఇక్కడే చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. 'హై రిస్క్' అంటే "మార్పిడి చేసినా దండగ" అని కాదు. "కీమో ఒక్కటే సరిపోదు, మార్పిడి దాకా వెళ్లాలి" అని. పేషెంటును ఇంటికి తీసుకెళ్లమని కాదు, దాత కోసం ఈరోజే వెతకమని చెప్పే మాట అది.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్‌లోనూ ఇలాంటి గుర్తులు ఉన్నాయి. క్రోమోజోములు ఎక్కువగా ఉంటే మంచిది, బాగా తక్కువగా ఉంటే చెడ్డది. 12, 21 క్రోమోజోముల మార్పు మంచిది, కేఎంటీ2ఏ మార్పు ఇబ్బందికరం. ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో ఎక్కువ మందికి కీమోతోనే నయమవుతుంది, మార్పిడి కొద్దిమందికే.

అంకెలు చెబితే ఎలా వినాలి

మార్పిడి తర్వాత ఎంతమంది బతుకుతారో అంచనా వేయడానికి డాక్టర్లు ఒక సూచిక వాడతారు. జబ్బు రకం, క్రోమోజోము మార్పులు, మార్పిడి నాటికి జబ్బు అణిగి ఉందా లేదా అనేవి కలిపి నాలుగు మెట్లు చేస్తారు. 2008–2010 మధ్య మార్పిడి జరిగిన 13,131 మంది రక్త క్యాన్సర్ పేషెంట్ల లెక్కలు చూసి 2014లో ఈ సూచికను సరిదిద్దారు. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు తక్కువ రిస్క్ మెట్టులో నూటికి 66 మంది, మధ్య మెట్టులో 51 మంది, ఎక్కువ రిస్క్ మెట్టులో 33 మంది, మరీ ఎక్కువ మెట్టులో 23 మంది.

ఈ అంకెలు చూసి గుండె జారిపోవచ్చు. కానీ జాగ్రత్తగా చదవండి. 'ఎక్కువ రిస్క్' అని చెప్పించుకున్నవాళ్లలో మూడో వంతు మంది రెండేళ్ల తర్వాత బతికే ఉన్నారు. మీ మనిషి ఆ 33లో ఉంటారా, మిగిలిన 67లో ఉంటారా అనేది ఈ సూచిక చెప్పలేదు. అది వందమంది గురించి చెబుతుంది, ఒకరి గురించి కాదు. ఇంకొకటి, ఆ లెక్కలు పాతవి. అప్పటికి లేని మందులు ఇప్పుడున్నాయి.

అలాగని అంకెలను కొట్టిపారేయడమూ సరికాదు. టీపీ53 మార్పు, దానితో పాటు చాలా క్రోమోజోము మార్పులు ఉన్నప్పుడు మార్పిడి చేసినా జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అలాంటప్పుడు డాక్టరు మెల్లగా, మాటలు వెతుక్కుంటూ చెబుతారు. "సార్, మా ఇంట్లో మనిషే అనుకుని చెప్పండి, చేయిస్తే లాభం ఎంత, చేయించకపోతే ఏమవుతుంది?" అని సూటిగా అడగండి. అడిగితే చెబుతారు. మార్పిడి వద్దనుకునే నిర్ణయం కూడా అన్నీ తెలుసుకుని తీసుకుంటే తప్పేమీ కాదు, నొప్పి తెలియకుండా చూసుకునే వైద్యం అప్పుడూ ఉంటుంది.

రెండో పరీక్ష: మిగిలిన కణాల లెక్క

మొదటి రోజు రిపోర్టు ఒక అంచనా. కీమోకు జబ్బు ఎలా లొంగింది అనేది రెండో అంచనా, చాలాసార్లు ఇదే ముఖ్యం. రెమిషన్ వచ్చాక కూడా మిగిలిపోయిన కొద్దిపాటి కణాలను పట్టుకునే పరీక్షను ఎంఆర్‌డీ అంటారు. వేల కణాల్లో ఒక్కటి ఉన్నా ఇది పట్టగలదు.

2023లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం ఈ విషయం బాగా చూపించింది. ఎన్‌పీఎం1 లేదా ఎఫ్‌ఎల్‌టీ3–ఐటీడీ మార్పు ఉండి, మొదటి రెమిషన్‌లో మార్పిడికి వచ్చిన 822 మంది రక్తాన్ని మార్పిడికి ముందు పరీక్షించారు. 142 మందిలో ఆ మార్పు ఆనవాళ్లు ఇంకా కనిపించాయి. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టింది వాళ్లలో నూటికి 68 మందికి. ఆనవాళ్లు లేనివాళ్లలో 21 మందికి మాత్రమే. బతికి ఉన్నవాళ్లు ఒకవైపు నూటికి 39, ఇంకోవైపు 63. మొదట్లో రిపోర్టు ఒకటే అయినా ఫలితం ఇంత తేడా.

కాబట్టి ఎంఆర్‌డీ పాజిటివ్ వస్తే డాక్టరు మందులు మార్చొచ్చు, మార్పిడికి ముందు ఇచ్చే మందు గట్టిది ఎంచుకోవచ్చు, తర్వాత పరీక్షలు దగ్గర దగ్గరగా చేయొచ్చు. "ఎంఆర్‌డీ చేశారా? ఫలితం ఏమిటి?" అని మార్పిడికి ముందు తప్పకుండా అడగండి.

జన్యువులు ఒక్కటే కాదు

పేషెంటు వయసు, షుగరు, బీపీ, గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి, అంతకుముందు వచ్చిన ఫంగస్ ఇన్ఫెక్షన్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ వేరే స్కోరులో వేస్తారు. జన్యు స్కోరు జబ్బు తిరగబెట్టే ప్రమాదం చెబుతుంది, ఈ స్కోరు మార్పిడిని ఒళ్లు తట్టుకుంటుందా అనేది చెబుతుంది. రెండూ వేరు వేరు సంగతులు. షుగరు అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం, పంటి జబ్బులు ముందే చూపించుకోవడం మీ చేతిలో ఉన్నవి.

దాత విషయానికి వస్తే, హెచ్ఎల్ఏ అనే గుర్తులు కలవాలి. బ్లడ్ గ్రూపు కలవకపోయినా మార్పిడి చేయొచ్చు, హెచ్ఎల్ఏ మాత్రం ముఖ్యం. ఈ గుర్తులు 6వ క్రోమోజోము మీద ఉంటాయి. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25. ఇద్దరు తోబుట్టువులుంటే కనీసం ఒకరితో కలిసే అవకాశం 44, ముగ్గురుంటే 58. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో అమ్మానాన్నలతో గానీ మేనమామ పిల్లలతో గానీ కలిసిన సందర్భాలు కూడా ఉంటాయి. మీ ఇంట్లో మేనరికం ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఇది మనవాళ్లు సిగ్గుపడి దాచే విషయం, ఇక్కడ మాత్రం పనికొస్తుంది.

ఎవరూ పూర్తిగా కలవకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. సగం కలిసిన దాతతో, అంటే అమ్మ, నాన్న, కొడుకు, కూతురితో కూడా ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు. చెన్నైలోని దాత్రి లాంటి స్వచ్ఛంద దాతల రిజిస్ట్రీల్లోనూ వెతుకుతారు.

దాతకు ఏమవుతుంది అనే భయం ఇళ్లల్లో గొడవలకు దారి తీస్తుంది. "మా అబ్బాయి సత్తువ పోతుంది", "పెళ్లి కావాల్సిన పిల్ల, వద్దు" అంటారు. దాతకు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు, ఒళ్లునొప్పులు ఉంటాయి. తర్వాత నాలుగైదు గంటలు మిషన్ పక్కన పడుకోబెట్టి ఒక చేతి నుంచి రక్తం తీసి, మూలకణాలు వేరు చేసి, మిగిలింది ఇంకో చేతికి ఎక్కిస్తారు. కొన్ని వారాల్లో మూలకణాలు మళ్లీ తయారవుతాయి. పిల్లలు పుట్టడానికీ, పని చేసుకోవడానికీ అడ్డం రాదు. తోబుట్టువుల హెచ్ఎల్ఏ పరీక్ష మొదటి రెమిషన్ కోసం ఎదురుచూడకుండా మొదటి వారాల్లోనే చేయించండి. ఇక్కడ పోయే నెల తర్వాత తిరిగి రాదు.

మార్పిడి తర్వాత

జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. ఆ రెండేళ్లు చెకప్‌లు తప్పించుకోవద్దు. "బాగానే ఉన్నాడు కదా, పత్తి ఏరే టైము, వచ్చే నెల వెళ్దాం" అనుకోవడం ప్రమాదం. రక్తంలో దాత కణాలు ఎంత శాతం ఉన్నాయో, మొదట్లో ఉన్న జన్యు మార్పు ఆనవాళ్లు మళ్లీ కనిపిస్తున్నాయో చూస్తారు. ముందుగా పట్టుకుంటే చేయగలిగినవి ఉన్నాయి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గించడం, దాత తెల్ల కణాలు మళ్లీ ఎక్కించడం వాటిలో కొన్ని. ఆ మందులను డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు ఆపితే మాత్రం జీవీహెచ్‌డీ విరుచుకుపడుతుంది.

జన్యు రిపోర్టు ఇక్కడ ఇంకోసారి పనికొస్తుంది. ఎఫ్‌ఎల్‌టీ3 మార్పు ఉన్నవాళ్లకు మార్పిడి తర్వాత సోరాఫెనిబ్ మాత్రలు ఇస్తే ఏమవుతుందో చూసిన ఒక పరిశోధన 2020లో అచ్చయింది. చిన్నదే, 83 మంది మీద. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 85, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 53. ఈ మందుకు మనకొక సంబంధం ఉంది. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దీన్ని తయారు చేసి అమ్మడానికి ప్రభుత్వం తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. అప్పటిదాకా నెలకు 2 లక్షల 80 వేల రూపాయలు ఉన్న మందు 9 వేల లోపుకు దిగింది. అప్పుడు అది కిడ్నీ, లివర్ క్యాన్సర్ల కోసం. మీకు ఈ మాత్ర కావాలా వద్దా అనేది డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో అడిగి వేసుకునేది కాదు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, కళ్లు పచ్చబడినా అదే రోజు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోను చేయండి. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని రెండు రోజులు చూద్దాం అనొద్దు. అందుకే మొదటి 100 రోజులు ఆసుపత్రికి దగ్గరలో గది తీసుకుని ఉండమంటారు. ఆ అద్దె, తిండి ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు. ముందే వేసుకోండి.

ఆరోగ్యమిత్రను ఏం అడగాలి

నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సేవ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండు చోట్లా అన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులకూ మార్పిడి చేసే అనుమతి ఉండదు. ఆరోగ్యమిత్ర దగ్గర ముందు తేల్చుకోవాల్సింది అదే: ఈ ఆసుపత్రిలో మార్పిడి పథకం కింద చేస్తారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు?

తర్వాత ప్యాకేజీలో ఏవి కలిసి ఉన్నాయో ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. దాత హెచ్ఎల్ఏ పరీక్ష, జన్యు పరీక్షలు, ఎంఆర్‌డీ, డిశ్చార్జి తర్వాత మందులు, జ్వరంతో మళ్లీ చేరితే అయ్యే ఖర్చు. వీటిలో ఏది బయట చెల్లించాలో ముందే తెలిస్తే ఆఖరి నిమిషంలో వడ్డీకి పరుగెత్తే పని ఉండదు. చికిత్సకు ముందు ప్రీ–ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి రావాలి. దానికి మొదటి మూలుగ రిపోర్టు, జన్యు రిపోర్టు, హెచ్ఎల్ఏ రిపోర్టు, రేషన్ లేదా ఆరోగ్య కార్డు, పేషెంటు, దాత ఇద్దరి ఆధార్ సిద్ధంగా పెట్టుకోండి. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఒక్క అక్షరం తేడాతో ఫైలు రోజుల తరబడి ఆగుతుంది, ఆ రోజుల్లో జబ్బు ఆగదు.

పథకం సరిపోకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టొచ్చు. తెలంగాణలో నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స అయితే ముందుగానే ఎల్‌ఓసీ అడగాలి, బిల్లు కట్టేశాక కాదు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి కూడా ఉంది. భూమి అమ్మే ముందు ఈ మూడు తలుపులూ తట్టారా అని ఒకసారి చూసుకోండి.

డబ్బు తొందరగా పుట్టిస్తామని, దాతను మేమే తెస్తామని ఆసుపత్రి బయట ఎవరైనా మాట్లాడితే నమ్మొద్దు. మూలకణాలు కొనేవీ అమ్మేవీ కావు. డెస్కులో సమాధానం దొరకకపోతే 104కు ఫోను చేయండి. ఫోను చేసేటప్పుడు కార్డు నంబరు, ఆసుపత్రి పేరు, పేషెంటు చేరిన తేదీ దగ్గర పెట్టుకోండి, మాట్లాడిన వాళ్ల పేరు, ఫిర్యాదు నంబరు ఈ పీడీఎఫ్ పక్కనే ఫోనులో రాసుకోండి.